టోటల్ ఎంతో రాయండి

కర్ణం మల్లీశ్వరి సిడ్నీ నుంచి ఏం తెచ్చిందని శ్రీకాకుళంలో ఎవరినైనా అడగండి. ఏడు రోడ్ల కూడలిలో పళ్లబండి పెట్టుకున్న మనిషి కూడా కంచు పతకం అని ఠక్కున చెప్తాడు. ఎంత బరువెత్తిందని అడగండి. మొహమొహాలు చూసుకుంటారు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల 2000 సెప్టెంబరు 19న 69 కిలోల ఒంటి బరువు కేటగిరీలో స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అన్న ముక్క పోటీ పరీక్షలకి చదివే ప్రతి పిల్లకీ నోటికొచ్చు. 240 సంగతి ఎవరికీ పట్టదు. అరసవల్లి నుంచి ఆమదాలవలస దాకా ఎన్ని ఫ్లెక్సీలు చూశానో, ఎన్ని సన్మాన సభల్లో వెనక కుర్చీల్లో కూర్చున్నానో. ఆ అంకె మాత్రం ఎక్కడా నా కంటపడలేదు.

నా గోడంతా ఆ అంకె గురించే. పతకమంటే నాకేం చేదు కాదు. కానీ బరువులెత్తే ఆటలో మనిషి చేసిన పని కిలోల్లో ఉంటుంది. పతకం సంగతి వేరు. ఆ రోజు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి నడుం పట్టేసింది, ఎవరు మందు వాడి దొరికిపోయారు అన్నవాటన్నిటినీ బట్టి అది వస్తుంది, పోతుంది. కిలోల్లో మూడో మనిషి ప్రమేయం లేదు. ఈ మాటంటే ఇప్పటి కుర్ర కోచ్‌లు నవ్వుతున్నారు. “ఆ కేటగిరీలే ఎత్తేశారు కదమ్మా, ఆ టోటళ్లతో ఇప్పుడేం పని” అంటున్నారు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండుతుంది.

సిడ్నీలో ఆ రోజు ఏం జరిగిందో కిలోల్లో చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుస్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. ఒంటి బరువు తక్కువున్న లిన్‌కి బంగారం పోయింది. మన పిల్ల 240. తేడా రెండున్నర కిలోలు. అంటే బార్‌కి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, కిలోంపావు బిళ్లలు. అరచేతిలో పడుతుంది ఆ బిళ్ల, పిల్లలు దాంతో బొంగరంలా తిప్పుకుని ఆడుకుంటారు. చివరి అటెంప్ట్‌కి మల్లీశ్వరి బార్ మీద 137.5 పెట్టారు. అది నిలవలేదు. 132.5 అయితే టోటల్లో వాళ్లతో సమానం, 135 అయితే అందరికంటే పైన. ఎందుకంత దూకారన్న చర్చ మా వ్యాయామశాలల్లో పాతికేళ్లుగా నడుస్తూనే ఉంది, ఇంకో పాతికేళ్లు నడిచినా నాకు విసుగు రాదు. చూడండి, కంచు అన్నామంటే ఈ కథంతా మూతపడిపోతుంది. 240 అన్నామంటే తెరుచుకుంటుంది.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడితో ఈ విషయం మీద పెద్ద తగువే అయింది. అరసవల్లి మిల్లు జంక్షన్ దగ్గర గోళీలాడిన గుంటడు, ఇప్పుడు ఆదివారం వస్తే అమెరికా ఫుట్‌బాల్ ముందు కూర్చుంటాడు. “ఏటత్తా, ఇంకా ఆ కేజీల గోలేనా? ఇక్కడా ఇదే గొడవ నడుస్తంది” అని మొదలెట్టాడు. వాళ్ల ఆటలో రన్నింగ్ బ్యాక్ అని ఒకడుంటాడు. బంతిని చంకలో పెట్టుకుని, కొండల్లాంటి మనుషులు మీద పడుతుంటే వాళ్లలోంచి దూసుకుపోవడం వాడి పని. ఎన్ని గజాలు పరిగెత్తాడన్నదే వాడి లెక్క. ఒక సీజన్‌లో వెయ్యి గజాలు దాటితే గొప్పవాడన్నట్టు. 1934లో చికాగో బేర్స్‌కి ఆడిన బీటీ ఫెదర్స్ 1004 గజాలతో మొదటిసారి ఆ గీత దాటాడు. అప్పట్నుంచీ ఆ వెయ్యి అక్కడివాళ్లకి మనకి నూటపదహార్లలా అయిపోయింది.

ఇప్పుడు ఆ వెయ్యికి విలువ లేదంటాడు మావాడు. వాడి వాదన తీసిపారేయాల్సిందేం కాదు. 1961 నుంచి 1977 దాకా సీజన్‌కి 14 మ్యాచ్‌లుండేవి. 1978 నుంచి 16. 2021 నుంచి 17. పద్నాలుగు మ్యాచ్‌ల్లో వెయ్యి అంటే మ్యాచ్‌కి 71 గజాల పైన, పదిహేడింటిలో అయితే 59 కూడా అక్కర్లేదు. 1973లో ఓ.జె. సింప్సన్ 14 మ్యాచ్‌ల్లో 2003 గజాలు పరిగెత్తాడు. 1984లో ఎరిక్ డికర్సన్ 2105 పరిగెత్తి రికార్డు పెట్టాడు గానీ అతనికి 16 మ్యాచ్‌లు దొరికాయి. ఎవరు గొప్ప? పైగా ఇప్పుడు ఆటంతా బంతి విసరడం మీదే నడుస్తోంది. పరిగెత్తేవాడి ముందు దారి చేసిపెట్టే ఐదుగురు మంచివాళ్లయితే ఎవడైనా పరిగెడతాడు, కాబట్టి మొత్తం గజాలు కాదు, ఒక్కో పరుగుకి ఎన్ని వచ్చాయో, ఆ పరుగు వల్ల గెలిచే అవకాశం ఎంత పెరిగిందో చూడాలి అని లెక్కలవాళ్లు తేల్చారట. దాంతో పరిగెత్తేవాళ్ల బేరం పడిపోయింది. 2023లో వాళ్లలో పేరున్నవాళ్లకి కూడా దీర్ఘకాలం ఒప్పందాలు ఇవ్వడానికి జట్లు ఒప్పుకోలేదు.

అంతా విన్నాను. ఒకటే అడిగాను, “మరి ఆ సేక్వాన్ బార్క్‌లీ సంగతేట్రా?” (ఈ పేరు నాకు వాడి నోటే వచ్చింది, అంతకుముందు ఫోన్లో వాడు ఊదరగొట్టాడు.) న్యూయార్క్ జట్టు వదులుకున్న ఆ మనిషిని ఫిలడెల్ఫియా తీసుకుంది. 2024 సీజన్‌లో 2005 గజాలు పరిగెత్తాడు. డికర్సన్ రికార్డు దాటడానికి ఇంకా నూటొక్క గజం కావాల్సి ఉండగా చివరి మ్యాచ్‌కి విశ్రాంతి ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టే సూపర్ బౌల్ గెలిచింది. విలువ లేదన్న పరుగు మీదే ఒక ఏడాదంతా ఆ జట్టు బతికింది కదా? దానికి మావాడు “ఒక్కణ్ని చూసి చెప్పకూడదత్తా” అన్నాడు. చెప్పకూడదు, నిజమే. కానీ పాత అంకె చచ్చిపోయిందని ఎవరు ప్రకటించినా, ఆ అంకె కోసం ఒంటి మీద దెబ్బలు తిన్నవాడిని ఒకసారి అడిగి ప్రకటించాలని నా మాట.

సరే, వాళ్ల గజాల్లో ముందున్న ఐదుగురికీ వాటా ఉందనే అనుకుందాం. మా కిలోల్లో ఎవరి వాటా ఉంది? ప్లాట్‌ఫాం మీద ఒక్క మనిషి, ఒక్క బార్. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, రెండు కాలర్లు కలిపి 5. అక్కడికి ఇరవై. మల్లీశ్వరి 130 కోసం ఒక్కో వైపు రెండు ఎర్ర ప్లేట్లు, పక్కన తెల్లది చిన్నదొకటి ఎక్కుతాయి. ఎర్రది 25, తెల్లది 5. దాన్ని భుజాల మీదికి లాగి, కూర్చుని, లేచి, అక్కణ్నుంచి తల మీదికి విసిరి, మోచేతులు బిగించి నిలబడాలి. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరైనా తెల్లదీపం వేస్తేనే ఎత్తినట్టు. ఇందులో పక్కవాడి సాయమెక్కడుంది?

మా రోజుల్లో ఆడవాళ్లకి వేరే బార్ కూడా లేదు. మగవాళ్ల 20 కిలోల బారే. దాని మందం మా వేళ్లకి అందేది కాదు. బొటనవేలు లోపల పెట్టి, దాని మీద మిగతా వేళ్లు బిగించి లాగితే గోరు నల్లబడిపోయేది. జెర్క్‌కి బార్ వచ్చి కూర్చునే చోట, మెడ కింద ఎముక మీద, కమిలిన మచ్చ ఎప్పుడూ ఉండేది. ఇప్పటి పిల్లలకీ ఉంటుంది. తల్లులు చూసి ఏడుస్తారు, ఆవ నూనె రాస్తారు, మర్నాడు మళ్లీ పంపిస్తారు.

అప్పట్లో మా ఆడపిల్లలకి ఒక గీత ఉండేది. వంద. జెర్క్‌లో వంద కిలోలు. ఎవరు పెట్టారో తెలీదు, ఏ నియమావళిలోనూ లేదు. నలభై ఎనిమిది కిలోల పిల్లకీ డెబ్బై కిలోల పిల్లకీ ఒకే వంద ఏం న్యాయమంటే న్యాయం కాదు. అయినా వ్యాయామశాలలో గోడ మీద బొగ్గుతో రాసుండేది. వంద ముట్టిన పిల్ల వస్తే మిగతావాళ్లు ప్లేట్లు సర్దిపెట్టేవాళ్లు. నేను ముట్టలేదు. నా జెర్క్ 75, స్నాచ్ 57.5. టోటల్ 132.5, అప్పటి 52 కిలోల కేటగిరీలో.

ఈ 132.5 నా నోట్‌బుక్కులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు. సర్టిఫికెట్‌లో “తృతీయ స్థానం” అని మాత్రం ఉంది, కింద రెండు సంతకాలు, ఒక సీలు. తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగానికి వెళ్లాను. టేబుల్ అవతల కూర్చున్నాయన కాగితం అటూ ఇటూ తిప్పి, “మీ కేటగిరీలో ఎంతమంది పోటీ చేశారు?” అనడిగాడు. ముగ్గురం అన్నాను. ఆయన పక్కాయన్ని చూసి నవ్వాడు. ముగ్గురిలో మూడోదంటే ఆఖరిది కదా! ఆయన తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే చదివాడు. మా ముగ్గురి మధ్యా తేడా ఐదు కిలోలేనని, అదే టోటల్‌తో ఇంకో ఊళ్లో జరిగిన పోటీలో మొదటి స్థానం ఇచ్చారని ఆ కాగితం చెప్పదు. కిలోలు రాసుంటే చెప్పేది. ఆ ఉద్యోగం రాలేదు. దాని గురించి ఇప్పుడేడవడం లేదు, పెళ్లయింది, పిల్లలయ్యారు, రోజులు గడిచాయి. కానీ ఈమధ్య మా వీధి పిల్ల ఒకతె సర్టిఫికెట్ పట్టుకొచ్చి చూపించింది. సీలు మారింది, రంగులు పెరిగాయి, ఒక మూల క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. “తృతీయ స్థానం” మాత్రం అలాగే ఉంది. కిలోలు లేవు.

స్థానం ఎంత నిలకడ లేనిదో విజయనగరం జిల్లా కొండవెలగాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. నెల్లిమర్ల దగ్గర చిన్న ఊరది. ఇంటికొక లిఫ్టర్ అన్నట్టుంటుంది అక్కడ. ఆ ఊరి పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో 53 కిలోల కేటగిరీలో 83 స్నాచ్, 105 జెర్క్, మొత్తం 188 ఎత్తింది. మెళ్లో కంచు వేశారు. 196 ఎత్తి బంగారం గెలిచిన నైజీరియా పిల్ల చికా అమలాహ, పదహారేళ్లది, డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది. బంగారం పపువా న్యూగినీకి చెందిన డికా తువాకి వెళ్లింది, మన సంతోషికి కంచు పోయి వెండి వచ్చింది, నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్‌కి కంచు దక్కింది. కొద్ది రోజుల్లోనే సంతోషి విలువ రెండు రకాలుగా పేపర్లలో పడింది. ఆమె ఎత్తింది మొదటి రోజూ 188, తర్వాతా 188. ఏది నమ్మాలో మీరే చెప్పండి.

ఇంకొకటి కూడా వినండి. మణిపూర్ పిల్ల మీరాబాయి చాను టోక్యోలో 202 ఎత్తి వెండి తెచ్చింది, దేశమంతా నెత్తిన పెట్టుకుంది. 2024లో పారిస్‌లో 199 ఎత్తింది, 88, 111. నాలుగో స్థానం. కంచు గెలిచిన థాయ్ అమ్మాయిది 200. ఒక్క కిలో తేడా. మన టీవీల్లో “చేజారిన పతకం” అని శోకాలు. మరుసటి ఏడాది నార్వేలో ప్రపంచ పోటీలు. అక్కడా 199 ఎత్తింది, 84, 115. వెండి వచ్చింది. మళ్లీ మిఠాయిలు. పారిస్‌లో కేటగిరీ 49, నార్వేలో 48, అంతవరకూ తేడా ఉంది, కాదనను. కానీ ఒక ఏడాది మొహం వేలాడేసి, మరుసటి ఏడాది పూలదండ వేసింది ఒకే 199కి. ఆ పిల్లకి ఈ దేశం ఇచ్చిన మర్యాదలో నిలకడ ఎక్కడుందో వెతకండి. బార్ మీద కనిపిస్తుంది.

మందుల సంగతి ఎత్తితే కోచ్‌లు నన్నే తిప్పి కొడతారు. “పాత టోటళ్లలో సగం మందుల టోటళ్లేనమ్మా, వాటినెలా నమ్మేది?” అని. బాగా అడిగారు. మల్లీశ్వరి ఎత్తిన 69 కిలోల కేటగిరీలోనే 2008 బీజింగ్‌లో చైనా అమ్మాయి లియు చున్‌హాంగ్ 286 ఎత్తింది. మన 240 పక్కన అది కొండ. దాచిపెట్టిన నమూనాలు మళ్లీ పరీక్షిస్తే దొరికింది, 2017లో పతకం లాక్కున్నారు, 286ని కొట్టేశారు. లండన్ 2012లో మగవాళ్ల 94 కిలోల్లో పైవాళ్లు ఒక్కొక్కరే దొరికిపోయి, తొమ్మిదో స్థానంలో ఉన్న పోలండ్ మనిషికి కంచు అందింది. అంకెల్లో కల్తీ ఉందన్నది నిజం. అందుకని అంకెలన్నిటినీ పారేస్తారా? కల్తీ అంకెని కొట్టేయడానికి కూడా ఆ అంకె ఎక్కడో రాసి ఉండాలి కదా. రాయనిదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

రాయకపోతే ఏమవుతుందో మనకంటే ఎవరికి తెలుసు? వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మన ప్రాంతం బలానికే పేరు. రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకున్నాడంటారు, ఊపిరి బిగించి గొలుసులు తెంపాడంటారు, బండ్లు కదలకుండా ఆపాడంటారు. నేను నమ్ముతాను. మా తాతలు కళ్లతో చూసినట్టే చెప్పేవారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. కానీ డాలస్ గుంటడు “ఎంత బరువత్తా?” అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ఏనుగు గున్న ఏనుగా, పెద్దదా? గొలుసు ఎంత లావు? ఆయన చుట్టూ మహారాజులున్నారు, జమీందార్లున్నారు, సర్కస్ టిక్కెట్లమ్మినవాళ్లున్నారు, ఒక్కడూ తూకం వేసి రాసిపెట్టలేదు. అందుకే అంతటి మనిషి కథల్లోకి వెళ్లిపోయాడు. చరిత్రలో నిలబడాలంటే కిలోలు కావాలి, అవి మనం ఆయనకి ఇవ్వలేదు.

కేటగిరీలు మారాయన్న మాటకొద్దాం. మారాయి. నేను 52లో ఎత్తాను, 1993లో అది 54 అయింది. ఆ 54లోనే మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ విజేత. 1998 వచ్చేసరికి 54 కూడా పోయింది, 53 వచ్చింది, ఆవిడ పై కేటగిరీలకి వెళ్లింది. 2018లో 69ని ఎత్తేశారు. ఆ ఏడాదే గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో మన స్టువార్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 85 కిలోల్లో 338 ఎత్తి బంగారం తెచ్చాడు. ఇంటి దగ్గర దండలు వాడకముందే 85 కూడా రద్దయింది. మారిన ప్రతిసారీ పాత రికార్డులన్నీ మూటగట్టి అటక మీద పెట్టి, కొత్త పలక మీద మళ్లీ మొదలెడతారు. అంతకుముందు తరం వాళ్లకి ఇంకా ఘోరం. 1972 దాకా స్నాచ్, జెర్క్‌తో పాటు ప్రెస్ అని మూడో ఎత్తుడుండేది. మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు. మా వ్యాయామశాలలో ఒక ముసలాయన చచ్చిపోయేదాకా మూడు ఎత్తుళ్ల టోటలే చెప్పేవాడు. వినేవాళ్లకి ఆయన అబద్ధమాడుతున్నాడనిపించేది, అంత పెద్దగా ఉండేది మరి.

తమాషా ఏంటంటే, 2025 జూన్‌లో ఆడవాళ్ల కేటగిరీలు మళ్లీ మార్చారు. 48, 53, 58, 63, ఆ తర్వాత ఏముందో చూశారా? 69! ఏడేళ్లు అటక మీద పెట్టి మళ్లీ దించారు. దించినా పాత రికార్డులు మాత్రం దింపలేదు. మల్లీశ్వరి కేటగిరీ తిరిగొచ్చింది గానీ, ఆ కేటగిరీలో ఆమె పక్కన నిలబడి కొలుచుకునే హక్కు ఈ తరం పిల్లకి రాలేదు. నన్నడిగితే అదేం కష్టం? అదే 69, అదే 15 కిలోల బార్, అవే ఎర్ర ప్లేట్లు. శ్రీకాకుళం పిల్ల ఇవాళ 69లో 180 ఎత్తిందంటే మల్లీశ్వరికి అరవై కిలోల దూరంలో ఉందని అర్థం. ఆ అరవై ఆమెకి చెప్పండి. అరవై కిలోలు చాలా ఎక్కువ, కానీ కొలవగలిగినంతే.

కొలత మార్చేసే ఈ అలవాటు మా ఊరు అరసవల్లి గుళ్లో లేదు. అక్కడ మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు ఆదిత్యుడి పాదాల మీద పడతాయి. మబ్బేసిన ఏడు పడవు. ఈ ఏడు పడలేదని చెప్పుకుని భక్తులు వెనక్కి పోతారే గాని, గోపురం జరిపి కొత్త ముహూర్తం పెట్టమని ఎవరూ అడగరు.

కేటగిరీలు మారినా పోల్చి చూడాలంటే, లెక్కల మీద మోజున్నవాళ్లకి దారి లేకపోలేదు. కెనడాకి చెందిన రాయ్ సింక్లెయిర్ అనే ఆయన ఒక సూత్రం కట్టిచ్చాడు, ఒంటి బరువుని బట్టి టోటల్‌ని గుణించి, వేర్వేరు కేటగిరీల వాళ్లని ఒకే వరసలో నిలబెట్టొచ్చు. ఒలింపిక్ నుంచి ఒలింపిక్‌కి దాని గుణకాలు సరిచూస్తుంటారు. నాకు దానిమీద గౌరవమే. కానీ ఆ సూత్రం ఆడాలన్నా ముందు రెండు అంకెలు కావాలి, ఒంటి బరువు, టోటల్. “తృతీయ స్థానం” అన్న మాటని దేంతో గుణిస్తారు? మా మేనల్లుడి ఆటలో కూడా ఎంత గొప్ప కొత్త లెక్క వచ్చినా గజాలు రాయడం ఎవరూ మానలేదు. వాదించుకోవడానికైనా ఉన్నాయి వాళ్లకి. మాకు ఆ వాదన చేసుకునే భాగ్యం కూడా లేదు.

ఇదంతా ఎవరికి కావాలంటారా? డబ్బున్నవాళ్ల పిల్లలు ఈ ఆటలోకి రారు. రైతుకూలీల పిల్లలు, జూట్ మిల్లుల్లో చేసినవాళ్ల పిల్లలు, రైల్వే గేటు పక్క ఇళ్ల పిల్లలు వస్తారు. పొద్దున్నే గంజి తాగి, పక్కూరి వ్యాయామశాలకి సైకిలేసుకుని వస్తారు. వాళ్లకి సిఫార్సు చేసేవాడుండడు. సెలక్షన్‌లో ఎవరి పిల్ల ఎవరికి చుట్టమో వాళ్లకి తెలీదు. వాళ్ల తరఫున మాట్లాడేది కిలోలొక్కటే. మల్లీశ్వరి కూడా అలాంటి ఇంటి నుంచి వచ్చి, నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బార్ పట్టిన పిల్లే. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లూ ఎత్తారు. అలాంటి పిల్ల టోటల్ చెరిపేయడమంటే, ఉన్న ఒక్క సాక్షినీ కోర్టు గుమ్మంలోంచి వెనక్కి పంపడమే.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. కోట్లు అక్కర్లేదు. ఏ పోటీలోనైనా టేబుల్ దగ్గర స్కోర్ షీట్ ఉంటుంది. దానిలో పేరు, పుట్టిన ఏడు, ఒంటి బరువు, మూడు స్నాచ్‌లు, మూడు జెర్క్‌లు, టోటల్ అన్నీ ఉంటాయి. ఎత్తలేని అంకె మీద అడ్డగీత కొడతారు. ఆ అడ్డగీతలు చూస్తేనే తెలుస్తుంది ఆ పిల్ల ఎంతకి తెగించిందో. పోటీ అవగానే ఆ కాగితాల గతేంటో నేను కళ్లారా చూశాను. టిఫిన్ పొట్లాలు కట్టుకున్నారు. వాటిని ఉంచండి. జిల్లాలో ఇప్పటిదాకా ఎవరు ఏ కేటగిరీలో ఎంత ఎత్తారో, ఏ ఏడాది ఎత్తారో, ఒంటి బరువుతో సహా ఒక జాబితా కట్టండి. రద్దయిన కేటగిరీలు రద్దయినవనే రాయండి, సిగ్గేం లేదు. స్టేడియం గోడ మీద రామ్మూర్తి గారి బొమ్మ పక్కన 110, 130, 240 అని పెద్దక్షరాలతో వేయించండి. చూసిన పిల్ల ఇంటికెళ్లి తన అంకెతో తీసివేత చేసుకుంటుంది.

సర్టిఫికెట్ సంగతి ఈమధ్య నేనే ఒక పోటీ దగ్గర ఆఫీసు టేబుల్‌కి వెళ్లి అడిగాను. మా వీధి పిల్లది, ఈసారి రెండో స్థానం. “టోటల్ కూడా రాయండి బాబూ, షీట్‌లో ఉంది కదా” అన్నాను. కుర్రాడు మర్యాదస్తుడే. ఫారం నా వైపు తిప్పి చూపించి, “కాలమ్ లేదండమ్మా” అన్నాడు. చూశాను. పేరుకి ఒక గీత, జిల్లాకి ఒక గీత, విభాగానికి ఒక గీత, స్థానానికి ఒక గీత. కింద ముఖ్య అతిథి ఫొటోకి నాలుగంగుళాల జాగా. ఆ ఫొటో ఒక అంగుళం తగ్గిస్తే స్నాచ్, జెర్క్, టోటల్ మూడూ పడతాయి, ఒంటి బరువుకి కూడా చోటు మిగులుతుంది.